ఏఐ అంటే అసలేమిటి? మనుషులకి నిజంగా ముప్పేనా? (ఒక టైపు సెంటరు వాడి సందేహం)

గంటస్తంభం_టైపు
సోమవారం, రాత్రి 8:40

విజయనగరంలో నాది జిరాక్స్, డీటీపీ షాపు. ఇరవై రెండేళ్ళుగా జనాలకి అర్జీలు టైపు చేసి పెడుతున్నాను. సోమవారం గ్రీవెన్స్ ఉంటుంది కాబట్టి ఆదివారం సాయంత్రం నుంచే షాపు కిటకిట.

నిన్న గజపతినగరం వైపు పల్లె నుంచి ఒక ముసలావిడ వచ్చింది. వితంతు పింఛను మూడు నెలలుగా రావడం లేదట. తోడుగా ఇంటర్ చదివే మనవడు. "టైపు అక్కర్లేదండి, ఏఐ రాసేసింది, ప్రింటు తీసిస్తే చాలు" అన్నాడు. చదివాను. ఒక్క అక్షరదోషం లేదు. ఇన్నేళ్ళలో నేను రాసిన ఏ అర్జీ కన్నా నున్నగా ఉంది. మధ్యలో ఒక జీవో నంబరు, తేదీతో సహా. అలవాటు కొద్దీ ఆ జీవో వెతికాను. ఎక్కడా లేదు. అదే కుర్రాడికి చెబితే వాడు ఫోన్లో దాన్నే నిలదీశాడు. "క్షమించండి, మీరు చెప్పింది నిజమే" అని ఇంకో నంబరు ఇచ్చింది. అదీ లేదు.

ముసలావిడ ఒకసారి నన్ను, ఒకసారి ఫోన్ని చూసి "అబద్దాలాడతాదేటి బాబూ అది?" అంది.

నా దగ్గర జవాబు లేకపోయింది. ఇంటికెళ్ళి టీవీ పెడితే ఏఐ మానవజాతినే తుడిచిపెట్టేస్తుందని చర్చ. చూస్తే ఇది జీవో నంబరే సరిగ్గా చెప్పలేకపోయింది. టీవీ వాళ్ళు చెప్పేదీ, ఈ ఫోన్లోదీ ఒకటేనా? తెలిసినవాళ్ళు చెప్పండి. భస్మాసురుడి కథ మాత్రం వద్దు, అది నాకు వచ్చు.

జీడిపిక్క_పలాస
సోమవారం, రాత్రి 8:52

భస్మాసురుడు వద్దన్నారు కాబట్టి నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు :)

నాగావళి_నీరు
సోమవారం, రాత్రి 9:30

అన్నా, మాది శ్రీకాకుళం, ఉద్యోగం బెంగళూరు, నా పని ఇదే. ఆ అవ్వ అసలైన ప్రశ్న అడిగింది.

మీరు శుభలేఖలు కూడా కొడతారు కదా. "మా ప్రథమ పుత్రుడు" అని కొట్టగానే తరవాత ఏం రావాలో మీ వేళ్ళకే తెలుసు. "చి||" పడిపోతుంది. ఆలోచించరు. వేల శుభలేఖలు ఆ వేళ్ళలో ఉన్నాయి. ఫోన్లో మాట్లాడే ఏఐ మూలంలో చేసే పని కూడా అదే. కోట్ల పేజీలు దాని ముందు పెట్టి, వాక్యం సగంలో ఆపి, తరవాతి ముక్క ఏమిటో ఊహించమంటారు. తప్పితే లోపలున్న అంకెల్ని వెంట్రుకవాసి సవరిస్తారు. మళ్ళీ ఊహించమంటారు. ఇలా లెక్కలేనన్ని సార్లు. చివరికి మిగిలేది వందల కోట్ల అంకెల ఒక పెద్ద పట్టిక. దాన్నే మోడల్ అంటున్నాం. 2017లో గూగుల్‌లో ఎనిమిది మంది కలిసి రాసిన ఒక పేపర్లో ట్రాన్స్‌ఫార్మర్ అనే పద్ధతి వచ్చాక ఈ ఊహించే విద్య ఒక్కసారిగా పదునెక్కింది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ రావడంతో అది మనందరి ఇంట్లోకీ వచ్చింది.

ఇప్పుడు జీవో సంగతి. శుభలేఖలో ముహూర్తం రాయాల్సిన చోట ఖాళీ ఉంటే మీరేం చేస్తారు? పెళ్ళివారికి ఫోన్ కొడతారు. ఇది కొట్టదు. ముహూర్తంలా కనబడేదేదో అక్కడ వేసేస్తుంది. అర్జీలో ఆ చోట జీవో నంబరు రావడం అది చాలాసార్లు చూసింది, జీవో నంబరు ఆకారంలో ఒకటి పెట్టింది. అబద్ధం ఆడాలంటే నిజం తెలిసి ఉండాలి కదా, ఇక్కడ ఆ గొడవే లేదు. ఇప్పుడొచ్చేవి నెట్‌లో వెతికి చూసుకుని చెబుతున్నాయి, తప్పులు కొంత తగ్గాయి. పూర్తిగా పోలేదు.

2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఇలాగే ఏఐ కల్పించిన పాత తీర్పుల్ని కోర్టులో దాఖలు చేశారు. జడ్జి 5,000 డాలర్లు జరిమానా వేశాడు. వాళ్ళకి మీలాంటి టైపు సెంటరు లేకపోయింది.

లెక్కల_మాస్టారు_బొబ్బిలి
సోమవారం, రాత్రి 10:05

నాయనా నాగావళీ, శుభలేఖ పోలిక బాగుంది. రిటైరైన మనిషిని, చాదస్తం అనుకోకపోతే కాస్త వెనక్కి వెళతాను.

ఏఐ, అంటే ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ (కృత్రిమ మేధ), అన్న ఈ పేరు ఈనాటిది కాదు. 1955లో జాన్ మెకార్తీ, ఇంకో ముగ్గురు కలిసి ఒక ప్రతిపాదన రాశారు. పదిమంది రెండు నెలలు కూర్చుంటే యంత్రాల తెలివి విషయంలో గట్టి ముందడుగు వేయొచ్చని. 1956 వేసవిలో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కూర్చున్నారు కూడా. రెండు నెలలన్నది డెబ్బై ఏళ్ళయింది. మా ఊరి రోడ్డు ఎస్టిమేటు నయం.

1966లో వైజెన్‌బామ్ అనే ఆయన ఎలిజా అని చిన్న ప్రోగ్రాం రాశాడు. మనం చెప్పిందే తిప్పి మనల్ని అడుగుతుంది, అంతే. "మా అమ్మ గుర్తొస్తోంది" అంటే "మీ అమ్మ గురించి చెప్పండి" అంటుంది. అది తయారవుతుంటే కళ్ళారా చూసిన ఆయన సెక్రటరీయే, దానితో నాలుగు మాటలు మాట్లాడాక, కాస్త బయటికి వెళతారా అని ఆయన్ని అడిగిందట. వైజెన్‌బామ్ అక్కడే బెదిరిపోయాడు. యంత్రాన్ని చూసి కాదు, ఆవిడని చూసి. అప్పట్నుంచి బతికినంతకాలం ఈ విద్యని విమర్శిస్తూనే ఉన్నాడు.

ఇంకో మాట. యంత్రానికి మనిషి మాట వినడం నేర్పిన తొలితరం వాళ్ళలో మన తెలుగాయన ఉన్నాడు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. 1994లో కంప్యూటర్ల రంగంలో నోబెల్ లాంటి ట్యూరింగ్ అవార్డు వచ్చింది, ఫైగెన్‌బామ్ అనే ఇంకో శాస్త్రవేత్తతో కలిపి. మా క్లాసులో ఈ మాట చెబితే పిల్లలు ఏ సినిమా డైరెక్టర్ అని అడిగేవారు.

దూరపు_కొండ
సోమవారం, రాత్రి 11:48

మాస్టారూ, నాగావళి అన్నా, మీరిద్దరూ చెప్పింది వింటే ఇదేదో పెద్ద టైపు మిషను అన్నట్టుంది. ఎమ్మెస్సీ చదువుతున్నాను, ఈ విషయం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నాగావళి అన్న చెప్పిన ఆ అంకెల పట్టికలకి మూలం నాడీజాలాలు (న్యూరల్ నెట్‌వర్క్‌లు). జెఫ్రీ హింటన్ ఈ నాడీజాలాల విద్యకి పెద్దదిక్కు. 2023 మేలో గూగుల్ వదిలేశాడు, దీని ప్రమాదం గురించి స్వేచ్ఛగా మాట్లాడటానికి. 2024లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. అదే ఏడాది చివర, రాబోయే ముప్పై ఏళ్ళలో దీనివల్ల మానవజాతి అంతమయ్యే అవకాశం 10 నుంచి 20 శాతం అన్నాడు. ఎవరో యూట్యూబర్ అన్నమాట కాదు. 2023 మేలోనే ఆయన, ఇంకా వందలమంది, ఆ కంపెనీల అధిపతులతో సహా, ఒకే ఒక్క వాక్యం మీద సంతకాలు పెట్టారు. ఏఐ వల్ల మనిషి అంతరించిపోయే ముప్పుని తగ్గించడం మహమ్మారులు, అణుయుద్ధంతో సమానంగా చూడాల్సిన పని అని.

హింటన్ చెప్పే కారణం చాలా సింపుల్. మాస్టారికి తెలిసిన లెక్కలు నాకు రావాలంటే నేను పదేళ్ళు ఆయన ముందు కూర్చోవాలి. యంత్రాలకి అది లేదు. ఒకటి నేర్చుకుంటే వెయ్యి నకళ్ళకి ఆ అంకెలు కాపీ చేస్తే సరిపోతుంది.

ఇక యంత్రం మనకి ముప్పు కావడానికి కోపం, పగ, రాజ్యకాంక్ష ఇవేవీ అక్కర్లేదు. ఏదో ఒక పని అప్పగించాం అనుకోండి. ఆ పని పూర్తవ్వాలంటే తను ఆగిపోకుండా ఉండాలి. ఆపడానికి వచ్చేవాడు అడ్డు. అంతే. దాన్ని పుట్టించినవాళ్ళకే లోపల ఏం జరుగుతోందో పూర్తిగా తెలీదు. నాగావళి అన్న చెప్పిన ఆ పట్టికలో ఏ అంకె ఎందుకుందో చెప్పగలరా, అన్నా?

నాగావళి_నీరు
మంగళవారం, ఉదయం 7:15

లేదు తమ్ముడూ, చెప్పలేను. కొంతమంది అదే పనిగా పరిశోధిస్తున్నారు, ఏవో కొన్ని తీగలు దొరికాయి. అంత మాత్రమే.

కానీ ఇంకో పక్క కూడా చూడు. హింటన్, బెంజియో, లెకున్ ముగ్గురికీ కలిపి 2018 ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఒకే విద్య, ఒకే అవార్డు. ఇద్దరు భయపడుతున్నారు, లెకున్ కొట్టిపారేస్తాడు, వీటికి పిల్లికున్న లోకజ్ఞానం కూడా లేదంటాడు. కాబట్టి "పెద్దలు చెప్పారు" అనే వాదన ఎటూ తెగదు. నాకు ప్రళయం రేపే అని లేదు, అసలు రాదన్న ధీమా కూడా లేదు. చెప్పిన పని ఒకటి, అది చేసేది ఇంకొకటి అవడం మాత్రం రోజూ చూస్తుంటాను.

2016లో ఓపెన్‌ఏఐ వాళ్ళు (చాట్‌జీపీటీ చేసినవాళ్ళే) ఒక ఏఐని పడవ పందెం గేము ఆడమన్నారు. పాయింట్లు ఎక్కువ తెచ్చుకో అన్నారు. దారిలో కొన్ని వస్తువుల్ని గుద్దితే పాయింట్లు. ఆ పడవ పందెం పూర్తి చెయ్యడం మానేసి, ఒక మూల గుండ్రంగా తిరుగుతూ, మంటలంటుకుని కూడా, మళ్ళీ మళ్ళీ అవే వస్తువుల్ని గుద్దుతూ కూచుంది. గెలవమని వాళ్ళ మనసులో ఉంది. పాయింట్లు తెమ్మని నోటితో చెప్పారు.

జీడిపిక్క_పలాస
మంగళవారం, ఉదయం 9:20

ఇది మా ఫ్యాక్టరీలో అచ్చంగా జరిగింది! ఇందాకటి దాకా జోకులు వేశాను కానీ ఇప్పుడు రాయాలి.

పలాసలో మాది చిన్న జీడి యూనిట్. పప్పు రంగు చూసి వేరుచేసే మిషను తెచ్చాం. పైనుంచి పప్పు జారుతుంటే కెమెరా ఒక్కొక్కదాన్నీ ఫొటో తీస్తుంది, రంగు తేడా ఉంటే గాలి ఊది పక్కకి తోసేస్తుంది. రెప్పపాటు కూడా పట్టదు. మచ్చ ఉన్నదాన్ని ఒక్కటీ వదలకు అని సెట్ చేశాం. శ్రావణమాసంలో ముసురు పట్టి వారం రోజులు పప్పు సరిగ్గా ఆరలేదు, రంగు కాస్త మందగించింది. సాయంత్రానికి చూస్తే 320 రకం, అంటే పౌనుకి మూడొందల చిల్లర తూగే మంచి పప్పు, మూడు బస్తాలు రిజెక్టులో పడి ఉంది. మిషను తప్పు లేదు. మచ్చ వదలొద్దన్నాం, వదల్లేదు.

పట్టుకున్నదెవరో చెప్పనా? ముప్పై ఏళ్ళుగా పప్పు ఏరుతున్న ఒక అప్ప. రిజెక్టు బుట్టలోంచి ఒకటి తీసి, కొరికి చూసి, "ఇది పుచ్చు కాదు, ముసురు" అంది. మిషను రాకముందు ఆ వరసలో పద్దెనిమిది మంది ఉండేవారు, ఇప్పుడు నలుగురు. ఆవిడ ఆ నలుగురిలో ఒకరు. మిగతా వాళ్ళలో కొందరు తొక్క తీసే పనికి మారారు, కొందరు మానేశారు. ప్రళయం సంగతి నాకు తెలీదు, ఆ పద్నాలుగు మందికి వచ్చేసింది కదా. తెచ్చింది నేనే. మిషను పెట్టకపోతే పక్క యూనిట్ వాడి రేటుకి అమ్మలేను.

గంటస్తంభం_టైపు
మంగళవారం, ఉదయం 9:41

మా నాన్న జూట్ మిల్లు మనిషి. అది మూతపడటానికి ఏఐ అక్కర్లేకపోయింది. సరే, మీరు చెప్పండి.

ఆమదాలవలస_ప్యాసింజర్
మంగళవారం, మధ్యాహ్నం 1:10

విశాఖలో గూగుల్ 15 బిలియన్ డాలర్లతో డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది కదా. ఉత్తరాంధ్ర కుర్రాళ్ళకి ఉద్యోగాలొస్తాయంటే మీరంతా ప్రళయం అంటారేంటండీ?

జీడిపిక్క_పలాస
మంగళవారం, మధ్యాహ్నం 1:14

వస్తే మంచిదే. దానికి నీళ్ళెన్ని, కరెంటెంత, కట్టేశాక లోపల ఉండేది ఎంతమంది?

మోడరేటర్
మంగళవారం, మధ్యాహ్నం 1:30

డేటా సెంటర్ మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడ మాట్లాడుకోండి. ఇక్కడ అసలు విషయం మీద ఉండండి.

లెక్కల_మాస్టారు_బొబ్బిలి
మంగళవారం, సాయంత్రం 4:25

పలాస బాబు రాసిన ముసురు కథ చదివాక నాకు పెత్రోవ్ గుర్తొచ్చాడు. 1983 సెప్టెంబర్ 26. సోవియట్ సైన్యంలో కాపలా డ్యూటీలో ఉన్న అధికారి. అమెరికా నుంచి క్షిపణులు వస్తున్నాయని తెరమీద హెచ్చరిక. మొదట ఒకటి, తరవాత మొత్తం ఐదు. యంత్రం నూటికి నూరుపాళ్ళు నమ్మకంగా చెబుతోంది. ఈయన ఒకటే అనుకున్నాడు, నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదు క్షిపణులతో మొదలుపెడతాడా? ఇది తప్పుడు హెచ్చరిక అని పైకి చెప్పాడు. మేఘాల మీద పడిన ఎండని ఉపగ్రహం క్షిపణి అనుకుంది. అదీ ముసురు లాంటిదే!

దూరపు కొండ నాయనా, నీ భయం తీసేసేది కాదు. నా భయం మాత్రం ఇక్కడ. ఆ కుర్చీలో కూర్చుని కొరికి చూసే మనిషిని, ఖర్చు దండగ అని, రేపు లేపేస్తారేమో. యంత్రం పెత్తనం లాక్కోనక్కర్లేదు. మనమే చేతిలో పెట్టి టీ తాగడానికి వెళతాం.

దూరపు_కొండ
మంగళవారం, సాయంత్రం 4:50

మాస్టారూ, ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పిన రెండు ఉదాహరణల్లోనూ మనిషి యంత్రం కన్నా తెలివైనవాడు. 2016లో ఆల్ఫాగో అనే ఏఐ, 'గో' అనే పలక ఆటలో పేరుమోసిన ఆటగాడు లీ సెడోల్‌తో ఐదు ఆటలు ఆడి నాలుగు గెలిచింది. రెండో ఆటలో 37వ ఎత్తు వేసినప్పుడు చూస్తున్న పెద్ద ఆటగాళ్ళు అది పొరపాటు అనుకున్నారు. కొరికి చూసినా తెలీని రోజు వస్తే ఆ కుర్చీలో ఎవరున్నా ఒకటే కదా?

లెక్కల_మాస్టారు_బొబ్బిలి
మంగళవారం, సాయంత్రం 5:02

గట్టి ప్రశ్నే వేశావు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఆమదాలవలస_ప్యాసింజర్
మంగళవారం, రాత్రి 8:15

ఒక ఇంటి విషయం చెబుతాను. ఎక్కువ చదువుకోని మా పిన్నికి పోయిన నెల ఫోన్ వచ్చింది. కొడుకు గొంతు. వాడు హైదరాబాద్‌లో ఉంటాడు. అచ్చం వాడి గొంతే అంటుంది ఇప్పటికీ. "అమ్మా, నేను యాక్సిడెంట్ చేశాను, పోలీసులు పట్టుకున్నారు, వెంటనే డబ్బులు పంపించు." ఏడుపు కూడా ఉందట. వాడు పెళ్ళిళ్ళ వీడియోలు పెడుతుంటాడు, అక్కడ్నుంచి గొంతు ఎత్తి ఉంటారు.

పిన్ని ఏమందో తెలుసా? "నువ్వెవుడివిరా? నా గుంటడు నన్ను ఎప్పుడైనా 'పంపించు' అన్నాడేటి? 'డబ్బులు కొట్టీయే అమా' అంటాడు" అని ఫోన్ పెట్టేసింది. తరవాత కాళ్ళు వణికి అరుగు మీద కూలబడిందట, అది వేరే సంగతి. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇప్పించాం.

మన యాస కాపాడింది. టీవీల్లో వెక్కిరించే యాస.

గంటస్తంభం_టైపు
మంగళవారం, రాత్రి 8:20

మీ పిన్నిగారికి దండం. గిడుగు వారు పుట్టిన జిల్లా అనిపించింది!

పొందూరు_పోగు
మంగళవారం, రాత్రి 10:37

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుని, ఆ పిన్నిగారి సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది పొందూరు దగ్గర. అమ్మ నూలు వడుకుతుంది, ఇప్పటికీ వాలుగ చేప దవడతోనే పత్తి దువ్వుతుంది. నేను డిగ్రీ అయ్యాక ఇంట్లోంచి పని చేస్తున్నాను. ఏఐకి డేటా ఇచ్చే పని. ఫోన్ తెర మీద ఒక బొమ్మో, ఒక సందర్భమో వస్తుంది. దాని గురించి మన యాసలో, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడి రికార్డు చెయ్యాలి. ఫ్యాన్ ఆపేసి, తలుపు సందులో దుప్పటి కుక్కి, చెమటలు కక్కుతూ చేస్తాను. వెనకాల మేక అరిస్తే ఆ ముక్క తిప్పి పంపేస్తారు. "సంతకి ఎల్లి వంకాయలు అట్టుకొచ్చీసినాను" లాంటివి వందలు మాట్లాడి ఉంటాను. నాన్న, అత్త, పక్కింటి మామ్మ కూడా మాట్లాడారు, మనిషికి ఇంత అని ఇచ్చారు.

మొదట్లో చాలా గర్వంగా ఉండేది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ ఉంది. ఇది పుస్తకాల తెలుగు తప్ప ఇంకోటి అర్థం చేసుకోదు. మా మామ్మ ఫోన్లో ఏదైనా అడిగితే "మళ్ళీ చెప్పండి" అంటుంది. ఆవిడ తప్పేమో అనుకుని సిగ్గుపడి మానేస్తుంది. రేపు ఆసుపత్రిలోనో, బ్యాంకులోనో అన్నీ ఇలా మాట్లాడే మిషన్లే పెడితే, మన మాట దానికి రాకపోతే మనమే కదా మూగవాళ్ళం. అందుకని మాట్లాడాను.

కానీ ఇప్పుడు ఆ పిన్ని. దొంగ గొంతుని పట్టుకోవడానికి ఆవిడ దగ్గరున్నది ఆ యాస ఒక్కటే. నేను రోజూ సాయంత్రం ఫ్యాన్ ఆపుకుని దానికి నేర్పుతున్నది అదే. వచ్చే ఏడాది ఫోన్ చేసేవాడు "డబ్బులు కొట్టీయే అమా" అనే అంటాడు.

నాగావళి_నీరు
మంగళవారం, రాత్రి 11:10

అక్కా, ఇందులో మీ తప్పు ఏమీ లేదు. మీ రికార్డింగులు లేకపోయినా ఇన్‌స్టాలో, యూట్యూబ్‌లో మన యాస వీడియోలు కావలసినన్ని ఉన్నాయి, దొంగలు వాటితో నేర్పుకుంటారు.

ఒక చిన్న లెక్క చెబుతాను. కంప్యూటర్లో శ్రీకాకుళం అని ఇంగ్లిష్ లిపిలో రాస్తే పది అక్షరాలు, పది బైట్లు (బైటంటే కంప్యూటర్ దాచుకునే చోటుకి కొలత). తెలుగులో శ, వత్తు గుర్తు, ర, గుడిదీర్ఘం, ఇలా విడదీస్తే అవీ సరిగ్గా పది గుర్తులే. కానీ ఒక్కోదానికి మూడేసి, మొత్తం ముప్ఫై బైట్లు. చాలా మోడళ్ళు తెలుగుని ఇలా చిన్న చిన్న ముక్కలుగా నరుక్కుని చదువుతాయి. అదే మాటకి ఎక్కువ ముక్కలు, ఎక్కువ ఖర్చు. దానికి తోడు మన రాతలు నెట్‌లో తక్కువ. పుస్తకాల తెలుగుకే ఈ గతి, ఇక యాస సంగతి చెప్పక్కర్లేదు. మీరు చేసేది చిన్న పని కాదు.

పొందూరు_పోగు
మంగళవారం, రాత్రి 11:22

తప్పు నాది కాదని తెలుసు తమ్ముడూ. ఆ గొంతులు ఎక్కడికి వెళుతున్నాయో మాత్రం నాకు తెలీదు. అడిగితే ప్రాజెక్టు పేరు కూడా చెప్పరు. మామ్మకి ఏమని చెప్పను?

లెక్కల_మాస్టారు_బొబ్బిలి
బుధవారం, ఉదయం 6:05

అమ్మా, గిడుగు వారి పేరు ఎవరో ఎత్తారు. ఆయన సవర భాష నేర్చుకోవడానికి సవరల్ని తన ఇంట్లో పెట్టుకుని, తిండి పెట్టి, వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. 1931లో ఆ భాష మీద ఆయన పుస్తకం వచ్చింది. ఆయన ఎవరో సవరలకి తెలుసు, తమ మాట ఎందుకు రాసుకుంటున్నాడో తెలుసు. వాళ్ళ పిల్లలకి బడి పెట్టాడు. నువ్వు అడిగిన ప్రశ్న ఆ కంపెనీని రాతపూర్వకంగా అడుగు. గొంతు ఎక్కడ ఉంచుతారు, ఎవరికి ఇస్తారు, తీసెయ్యమంటే తీస్తారా. ఉత్తరం కావాలంటే మన టైపు బాబు ఉన్నాడు.

గంటస్తంభం_టైపు
బుధవారం, ఉదయం 6:40

తప్పకుండా రాసిపెడతాను చెల్లెమ్మా, డబ్బులొద్దు. జీవో నంబర్లు మాత్రం వెయ్యను.

అన్నట్టు ముసలావిడ అర్జీ సంగతి చెప్పలేదు. మనవడు తెచ్చిందే ఉంచాం. జీవో వాక్యం కొట్టేశాను, "దివ్యసముఖమునకు" తీసేశాను, పింఛను ఐడీ వేసి, ఏ నెల నుంచి ఆగిందో వేశాను. పేజీ కాస్తా ఏడు లైన్లయింది. సోమవారం ఇచ్చి వచ్చింది, రసీదు నా దగ్గరే దాచమని పెట్టి వెళ్ళింది.

దూరపు_కొండ
బుధవారం, ఉదయం 8:30

అక్కా, తరవాతి బ్యాచ్ ఒప్పుకుంటారా?

పొందూరు_పోగు
బుధవారం, రాత్రి 9:55

ఉత్తరం పంపాను. జవాబు వచ్చేదాకా నావి మాత్రమే ఇస్తానన్నాను, మామ్మవి ఇవ్వను.

ఇంట్లో ఒక గుర్తుమాట పెట్టుకున్నాం. డబ్బులడిగితే ముందు అది చెప్పాలి. మామ్మే ఎంచింది, ఆవిడ చిన్నప్పటి మాట, నేనే ఎప్పుడూ వినలేదు. ఇక్కడ రాయబోయి ఆగాను.

లెక్కల_మాస్టారు_బొబ్బిలి
బుధవారం, రాత్రి 9:58

రాయకమ్మా.